అరవై ఎనిమిది సెంటీమీటర్లు

లిఫ్టు వెడల్పు అరవై ఎనిమిది.
రోస్వితా స్కూటరు అరవై ఆరు.
మిగిలిన ఆ రెండు సెంటీమీటర్లలోనే
ట్రియెస్టెలో మా రెండు రాత్రులూ సర్దుకోవాలి.
మూడో రోజు పొద్దున్నే ఓడ.

మెట్లే లేవండీ అన్నారు ఫోనులో.
తీరా వస్తే వాకిట్లో ఒకటుంది,
జానెడు ఎత్తు.
అడిగితే అది మెట్టు కాదట, గడపట.
రిసెప్షన్‌లో ఒండీనా అనే పిల్ల
చెవులదాకా ఎర్రబడి
పక్క సందులో వడ్రంగి దగ్గరికి పరిగెత్తి
ఎవరి బీరువాదో, రంగు వెయ్యని తలుపు
నెత్తిన పెట్టుకొచ్చి వాలుగా పరిచింది.
తలుపెక్కి తలుపులోకి వెళ్ళాం.
"టైర్లు జాగ్రత్త" అన్నాను.
"నోరు జాగ్రత్త" అంది రోస్వితా.

మా ఫిల్లాఖ్ ఊళ్ళో
ఇరవై ఏడేళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి.
నేనేమో కిటికీ వెనక కుర్చీలో ముద్రలు కొట్టేదాన్ని.
నడిచిన కాళ్ళు మొరాయించాయి,
కూర్చున్న కాళ్ళు నడుస్తున్నాయి.
ఎక్కడో బట్వాడా తప్పింది.
ఎవరికి ఫిర్యాదు రాయాలో తెలీదు,
తపాలా వాళ్ళమై ఉండి కూడా.

ఇక్కడ గాలికి పేరుంది, బోరా.
కొండ దిగొచ్చి వీధుల్లో పడి
టోపీలు, గొడుగులు, ఒక చేపల బుట్ట మూత
అన్నిటినీ సముద్రం వైపు తోలుతుంది.
ఊరివాళ్ళు గోడలు పట్టుకున్నారు,
నేను ఆమె సీటు పట్టుకున్నాను.
నేనే తోస్తున్నాననుకుని
ఒక పెద్దాయన నాకు దారిచ్చి, నా మీద జాలిపడ్డాడు.
లాక్కెళ్తున్నది ఆవిడండీ!

కాఫీ కొట్లో కుర్రాడు
ఆమె తల మీంచి నన్నడిగాడు:
"ఆవిడకేం కావాలి?"
రోస్వితా హారన్ కొట్టింది.
కొట్టంతా కప్పులు దించింది.
"ఆవిడకి రెండు కాఫీలు. ఈవిడకి నీళ్ళు."

ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతుంది.
గంటల పక్కన పేర్లు పైకి చదువుతుంది:
కోసుత్తా. జెర్యాల్. హౌజర్. స్తావ్రో.
ఇన్ని భాషలు ఒక్క గోడకి!
"జెర్యాల్‌ది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
రిజిస్టర్డు వస్తే చచ్చామన్నమాటే"
అంటుంది, సంచి భుజానే ఉన్నట్టు
ఎడమ భుజం కాస్త ఎగరేసి.

సాయంత్రానికి గాలి అలిసింది.
సముద్రంలోకి చాచిన రాతి రేవు మీద
ఒక్కసారిగా వేగం పెంచింది.
అటూ ఇటూ కమ్మీల్లేవు.
బ్యాటరీలో ఒక్క గీతే మిగిలుంది.
ఆగవే అని అరిచాను.
తిరిగి చూడలేదు.
రొప్పుతూ చివరికి చేరేసరికి
అంచుకి మూరెడు దూరంలో
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
"మూడొందల ఎనభై నాలుగు" అంది.
ఏవిటి?
"నీ అడుగులు. మధ్యలో ఒకసారి ఆగావు."

వెనక్కొస్తుంటే వాన.

రాత్రి ప్లగ్గు బాత్రూంలో తప్ప పట్టలేదు.
తలుపు సందులోంచి ఛార్జరు పచ్చదీపం.
నిద్ర రాలేదు నాకు.
ముప్పై ఏళ్ళ స్నేహంలో
ఆమె అడుగులు నేనెప్పుడైనా లెక్కపెట్టానా?
ఆవిడ గురక పెడుతోంది హాయిగా.

తెల్లారి కిటికీ తీస్తే
సముద్రం ఉండాల్సిన చోట తెల్లటి గోడ,
గోడ నిండా బాల్కనీలు.
"మన ఓడే. దానికన్నా లిఫ్టు పెద్దదుంటుందిలే" అంది.

ఒండీనా మళ్ళీ తలుపు పరిచింది.
బీరువా గలవాళ్ళు ఇవాళే పట్టుకెళ్తారట.
కొత్త చెక్క మీద, నిన్నటి వానకి,
పైకి రెండు, కిందికి రెండు
నల్లటి చారలు.
ఆ పిల్ల గుడ్డ తడుపుతోంది.

"తుడవద్దని చెప్పు" అంది రోస్వితా.