అచో, అన్నాడు బెల్మీరో

మిన్యో నదికి ఉత్తరపు గట్టున, మా ఇంట్లో,
అచార్ అంటే దొరకడం.
తప్పిపోయిన కోడిపెట్ట, మంచం కిందికి పోయిన
అమ్మమ్మ చెక్క చెప్పు.
చేతికి తగిలితేనే ఆ మాట నోటికొచ్చేది.

దక్షిణపు గట్టునా అదే మాట, అదే పలుకు.
కాకపోతే వాళ్ళు జేబులోంచి చేతులు తియ్యకుండానే అనేస్తారు:
అచో. నాకలా అనిపిస్తోంది.
నా పద్నాలుగో ఏట ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి పొగమంచు.
నా నడుం చుట్టూ నాలుగు కిలోల కాఫీ గింజలు,
గుడ్డసంచిలో పోసి పేగులా చుట్టి కుట్టింది అమ్మ.
అన్న షెన్షో వీపున ఇరవై.
పడవ దిగబోతూ అడిగాను,
"రెల్లులో కాపలావాళ్ళున్నారా?"
తెడ్డు ఆపకుండానే బెల్మీరో
"అచో కె నోన్, డొరిందా" అన్నాడు.
లేరనుకుంటా, అన్నాడతను.
వెతికి చూశాను, లేరు, అని విన్నాను నేను.
అక్కడ నది పెద్ద వెడల్పేం కాదు,
రాయి విసిరితే అవతల పడుతుంది.
మాటే
మధ్యలో మునిగింది.

ముందు కుక్క వచ్చింది.
మొరగలేదు. మూతి గాల్లోకి ఎత్తి
నా పొట్ట వైపు నెమ్మదిగా, దాదాపు మర్యాదగా నడిచింది.

షెన్షోకి తుయ్‌లో పదకొండు నెలలు.
నాకొక చెంపదెబ్బ.

చాలా ఏళ్ళకి ఎర్మితాస్ టీచరు చెప్పింది:
పాత లాటిన్‌లో ఆ మాట ఊపిరి ఊదడమట, గాలి సోకడమట.
వేటకుక్క గాలి పట్టి జాడ పసిగట్టినప్పుడు
వేటగాళ్ళు అనే మాటట.
తర్వాత చేతులకొచ్చింది. ఆ తర్వాతెప్పుడో తలకెక్కింది.
అంటే ఆ రాత్రి ఆ మాటని
సరిగ్గా వాడింది కుక్క ఒక్కటే.
నాకు నవ్వొచ్చింది.
షెన్షోకి చెబితే నవ్వలేదు.

ఇప్పుడు వంతెన మీద ఎవరూ ఆపరు.
మనవడు అవతల నుంచి కాఫీ తెస్తాడు, రసీదుతో సహా.
నా కళ్ళకి శుక్లాలు. గుమ్మంలో ఎవరు నిలబడ్డదీ
తడిసిన ఉన్నికోటు చెప్పాలి, లేదా చేపల బుట్ట.

"బెల్మీరో మోసం చేశాడా నిన్ను?"
మూత తీస్తూ అడుగుతాడు వాడు.
డబ్బా మీదికి వంగుతాను.
అదే గింజ. దాని వెనకే మంచు, తడి కుక్క బొచ్చు,
తెడ్డు చెక్క.

"లేదు. అచో," అంటాను.

ఏ గట్టు మాటో వాడు అడగడు.