రెండు తీర్ల ఉప్పు

సోహార్‌లో రాత్రి రెండు దాటాక
సముద్రం కూడా డ్యూటీ మారుతుంది.
గాలి ఇటు తిరిగి
కంట్రోల్ రూమ్ అద్దాలకు తేమ పూస్తుంది.
మెషిన్‌ని అడుగుతాను, కొత్తవేమున్నాయని.
నూట పద్నాలుగు, అంటుంది.
కాసేపాగి, అప్పు తీసుకున్నవాడు నసిగినట్టు,
వాటిలో ఒకటి ఆపి ఉంచాను, అంటుంది.

దీనికి మూడు చోట్ల నుంచి సరుకొస్తుంది.
మొదటిది దాని పుట్టింటి రిపోజిటరీ.
ఆలస్యంగా వచ్చినా లెక్క తప్పని సారె.
రెండోది మాకు పంపులమ్మిన కంపెనీది.
వాళ్ల సంతకపు తాళంచెవికి గడువు
ఎప్పుడు తీరినా శుక్రవారమే తీరుతుంది,
ఫోనెత్తేవాడుండడు.
మూడోది ఎవరిదో నాకు తెలీదు.
ఫైల్లో ఒక్క వరుస, ఒక చిరునామా,
ఎవరో ఒంటరి మనిషి ఎక్కడో తన గదిలో కూర్చుని
కట్టి పంపే మూటలు.

మూడు చోట్లా ఒకే పేరున్న లైబ్రరీ.
పేరొకటే, అంకెలు వేరు.
పెద్ద అంకె కనబడితే చాలు
మెషిన్ చెయ్యి చాస్తుంది.
కొత్తదే మంచిదని దానికెవరు నేర్పారో.

పోయిన నెల పోనీలే అని వదిలేశాను.
మూడో చోటి నుంచి ఒక్కటే వచ్చింది,
వెంట దాని చుట్టాలు ఏడుగురు.
వాళ్లకు గిట్టక
పాతవాళ్లు తొమ్మిది మంది లేచిపోయారు.
నలభై నిమిషాలు తెర మీద ఉప్పు లెక్క లేదు.
నీళ్లు మాత్రం ఊళ్లోకి వెళ్తూనే ఉన్నాయి.
ఖల్ఫాన్ గ్లాసు పట్టుకుని ట్యాంకు దగ్గరికి పరిగెత్తి
నాలుక మీద వేసుకుని చూసొచ్చాడు.
తియ్యగానే ఉన్నాయన్నాడు.
అతని చెయ్యి వణకడం చూశాను.
నాది చూసుకోలేదు.

క్యాంపు మెస్సులో ఓదెలుకూ మూడు దుకాణాలే.
బియ్యం మలబారీ బకాలాలో,
రొట్టె పెషావర్ వాళ్ల తందూరులో,
కూరగాయలు బర్కా నుంచొచ్చే ట్రక్కులో.
జరిగింది చెప్తే ఉల్లిగడ్డ కోస్తూ, తలెత్తకుండా,
"ఏదన్న యాడనన్న కొను గని
ఉప్పు ఒక్క దుకాణంలనే కొనాలె సారూ.
రెండు తీర్ల ఉప్పు ఒక్క డబ్బాల వడ్డదనుకో,
చెయ్యికి లెక్క తప్పుతది.
తప్పినట్టు చెయ్యికి తెల్వదు."

అందుకే ఈ రాత్రి ఒక చిన్న ఫైలు రాస్తున్నాను,
ఎవరి మాట ముందో అంకెల్లో.
పుట్టింటికి తొమ్మిది వందలు.
పంపుల కంపెనీకి ఐదు వందలు:
నీ పంపుల సంగతి నువ్వు చూసుకో,
తక్కిన ఇంట్లో నోరెత్తకు.
మూడోదానికి యాభై:
ఎవరూ లేని పీట మీదే కూర్చో,
ఉన్నవాళ్లని లేపొద్దు.

అసలు ఆ మూడో వరుసనే చెరిపేద్దామనుకున్నాను.
చెరపబోతే దాని పైన,
మెషిన్ చదవని చోట,
నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్న
రెనాటో రాసి వెళ్లిన మాటలు:
ఇది తీయొద్దు. నాలుగో పంపు మీటరు భాష
ఈయనొక్కడికే వచ్చు.
అర్ధరాత్రి అడిగినా జవాబిస్తాడు. మంచివాడు.

రెనాటో ఇప్పుడే ఓడలో ఉన్నాడో.
అతను ఎడమకు వాలి కూర్చునేవాడని
ఈ కుర్చీ మెత్త ఇంకా చెబుతుంది.
ఆ చిరునామాను పలకరించి చూశాను.
పలికింది.
రెండున్నరేళ్లుగా కొత్త మూట లేదు.
మనిషున్నాడో లేడో, తలుపైతే తీసే ఉంది.

ఆపి ఉంచిన ఆ ఒక్కదాన్నీ, పాత వెర్షన్‌తో సహా,
మా గోదాములోకి కాపీ చేసుకున్నాను.
రెనాటో మాటల కింద ఇంకో వరుస చేర్చాను:
నాలుగో పంపు మార్చిన రోజున తీసేయండి.
అంతవరకూ ఆయన్ని అడగకుండా ఏమీ తీసుకోవద్దు.
తేదీ వేశాను. పేరు రాయాలా అని ఆలోచించి
రాశాను.

ముందు ఉత్తుత్తిగా నడిపి చూశాను.
లేచిపోయేవాళ్లు సున్నా.
అవునన్నాను.
నూట పదమూడు పేర్లు ఒకదాని వెనక ఒకటి
తెర మీద పైకి ఎక్కిపోయాయి.
ఫజ్ర్ అజా వినబడేసరికి చివరిది కుదురుకుంది.
ఉప్పు లెక్క తెర మీదే ఉంది,
పచ్చగా, కదలకుండా.

అయినా ఖల్ఫాన్ గ్లాసు కడుక్కుంటున్నాడు.