తిమింగలపు ఈనె

నాకప్పుడు పన్నెండేళ్ళు.
సెగెద్ పట్నంలో, వంతెన దిగగానే రెండో సందులో
ఎటెల్కా బోద్నార్ గారి కార్సెట్ల దుకాణంలో
గుండుసూదులు పట్టుకుని నిలబడడం నా ఉద్యోగం.

కార్సెట్ అంటే ఏముంది,
గుడ్డలో కుట్టేసిన పంజరం.
వీపు వెనక తాళ్ళు లాగుతూ ఆవిడ అనేది:
"ఊపిరి బిగబట్టండమ్మా, ఇంకొంచెం, ఇంకొంచెం."
జడ్జిగారి భార్య, మిరపపొడి షావుకారు చెల్లెళ్ళు
అందరూ బిగబట్టేవాళ్ళు.
వదిలినట్టు మాత్రం నేనెప్పుడూ చూళ్ళేదు.

గుడ్డ లోపల తిమింగలపు ఈనెలు.
ఎక్కడో ఉత్తర సముద్రంలో
వాటితో నీళ్ళు వడకట్టుకుని తిన్న జీవి
ఇక్కడ మా బల్ల మీద నల్లగా, కట్టలు కట్టలుగా,
చీపురుపుల్లల్లా.
"వంచి చూడు పిరోష్కా,
వంగుతుంది, వదిలితే లేచి నిలబడుతుంది.
మనకి రాదా విద్య."

ఆవిడ సముద్రం చూడలేదు.
నీళ్ళు చూసింది.
డెబ్బై తొమ్మిది మార్చిలో, రాత్రి రెండింటికి,
తీసా నది తలుపు తట్టకుండా వచ్చినప్పుడు
ఇంటికప్పెక్కి, తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని
తెల్లారేదాకా కూర్చుంది.
తెల్లారాక ఒడి మిగిలింది.

ఒక్కసారే చెప్పిందా మాట, కత్తెరకి పదును పెడుతూ.
"ఊళ్ళోకొచ్చిన నీళ్ళనే చూశాను.
తన చోట తాను ఉండే నీళ్ళు ఎలా ఉంటాయో
వెళ్ళి చూడాలి."

తొంభై ఏడులో సైకిలు కొంది,
నలభై కార్సెట్ల ఖరీదు.
గర్భసంచి జారిపోతుందన్నాడు డాక్టరు.
ఇంకేదో జారిపోతుందన్నాడు ఫాదర్.
రొట్టెల కొట్టు ముందు ముక్కుల మీద వేళ్ళు:
"కాళ్ళకి చక్రాలు కట్టుకుందమ్మా ఈ మనిషి!"
"కట్టుకోలేదు, కొనుక్కున్నాను" అంది ఆవిడ,
"వాయిదాల మీద."

బయల్దేరే రోజు చీకటితోనే
నన్ను పిలిచి వీపు తిప్పింది.
ఊరందరి నడుములూ బిగించిన మనిషి
తన నడుం విప్పి
నడుం కట్టింది.
నా చేతుల్లో కార్సెట్ ఇంకా వెచ్చగా ఉంది.
అందులోంచి ఒక్క ఈనె లాగి జేబులో వేసుకుంది.
"దేనికి?"
"ఏమో. టైరు విప్పడానికి."

తర్వాతదంతా కార్డుముక్కల్లో.

బయా రేవులో, దాన్యూబ్ దాటే బల్లకట్టు మీద
గొర్రెకి ఇంత, గుర్రానికి ఇంత.
సైకిలుతో ఒంటరిగా వచ్చిన ఆడదానికి ఎంతో
పట్టికలో లేదట. గొర్రె రేటే తీసుకున్నారట.

పెచ్ దాటాక కాపరి కుక్క పిక్క పట్టుకుంది.
కాపరి తల్లి పళ్ళసారాతో పుండు కడిగి
మిగిలింది తనింత, ఈవిడింత తాగించింది.

ద్రావా దాటాక భాష మారింది,
నవ్వే తీరు మారలేదు.

"కార్లోవాత్స్ నుంచి అంతా కొండే.
తొక్కడం లేదు, తోస్తున్నాను."

ఆపైన పదకొండు రోజులు కార్డు లేదు.
దుకాణం తీసేదాన్ని, తుడిచేదాన్ని, మూసేదాన్ని.
ఓ మధ్యాహ్నం జడ్జిగారి భార్య వచ్చి
తాళ్ళు రెండు కన్నాలు వదులు చేయించుకుని
ఏమీ మాట్లాడకుండా వెళ్ళింది.

ఫియుమె నుంచి వచ్చింది ఆఖరిది, సన్నటి అక్షరాలతో:

"పిరోష్కా, దిగుడులో బ్రేకు తెగింది.
చెట్టుకొమ్మ నరికి వెనక కట్టి
దాన్ని ఈడ్చుకుంటూ దిగాను, దుమ్ము దుమ్ముగా.
ఓ మలుపులో కనబడింది.
నేననుకున్నట్టు తన చోట తాను లేదు.
వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది.
కానీ ప్రతిసారీ ముందే చప్పుడు చేసి వస్తోంది.
బూట్లు విప్పి మోకాళ్ళ దాకా నిలబడ్డాను.
ఈనె కొన బాగా అరిగిపోయింది, అయినా వదిలేశాను.
మునిగింది, దారి తెలిసినదానిలా.
తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచాను, గట్టిగానే.
రేవులో అందరూ వేరే భాషవాళ్ళు,
ఎవరూ ఏమీ అనుకోలేదు."

తిరుగు ప్రయాణం రైల్లో, సైకిలు సామాన్ల పెట్టెలో.
మర్నాడే దుకాణం తెరిచింది.
కార్సెట్లు కుట్టడం మానలేదు, వాయిదాలున్నాయిగా.
తాళ్ళు లాగేటప్పుడు మాత్రం
ఆవిడ చెయ్యి ఓ అంగుళం ముందే ఆగేది.
"ఇంకొంచెం" అని వాళ్ళే అడిగేవారు.
"చాలు" అనేది.