జిగురు కాచినదాన్ని

కుందేటి తోళ్ళు నానేసి
రాత్రంతా జిగురు కాచినదాన్ని నేనే.
పన్నెండేళ్ళు అప్పటికి. కితేరియా నా పేరు.
పిరెనీస్ కొండల్లో మంచు ఇంకా పూర్తిగా విడవని జూన్.
ఇటలీ మనుషులు ముగ్గురొచ్చి
జ్వరపు నుదుటికి తడిగుడ్డ వేసినట్టు
మా చర్చి గోడకి జిగురు గుడ్డలు వేశారు.

ఆరాక అంచు పట్టి లాగితే
కాగిన పాల మీంచి మీగడ తీసినట్టు
గోడ మీంచి బొమ్మ వచ్చేసింది.
చప్పుడు మాత్రం పాలది కాదు,
పుండు మీద పక్కు లేపినప్పటిది.
అమ్మ కళ్ళు మూసుకుంది.
ఫాదర్ పెసెటాలు లెక్కపెడుతూ
రెండోసారి తప్పాడు.

అందులో ఒక దేవదూత ఉండేవాడు.
ఆరు రెక్కలు, రెక్కల నిండా కళ్ళు,
అరచేతుల్లో కూడా ఒక్కో కన్ను.
ఎవరు వేశారో తెలీదు. ఎనిమిది వందల ఏళ్ళ మాట.
ప్రార్థన మానేసి లెక్కపెట్టేదాన్ని:
ఓ ఆదివారం ఇరవై నాలుగు, ఓ ఆదివారం ఇరవై మూడు.
ఆ ఒక్కటీ ఎప్పుడు రెప్ప వేసేదో దొరికేది కాదు.

చాపలా చుట్టి కంచరగాడిద మీద కట్టారు.
లోపలి వైపుకి చుట్టేస్తే
దారి ఎలా కనపడుతుంది వాడికి, అన్నాడు తమ్ముడు.
ఎవరూ జవాబు చెప్పలేదు.

పద్దెనిమిదేళ్ళకి బార్సిలోనా, పరాయి ఇంట్లో చాకిరీ.
డాబా మీది గది ఎర్మెంగోల్ అనే కుర్రాడిది.
అద్దె ఇవ్వడు, చొక్కాలు మాత్రం నేను ఉతకాలి.
మొదటిరోజు మెట్లెక్కుతుంటేనే ఆ వాసన,
కుందేటి జిగురు.
గుండె జారింది, ఇక్కడ ఏ గోడ తోలు వలుస్తున్నారోనని.
వలవడం కాదట, కాన్వాసుకి పూత.
ఇది లేకపోతే రంగు నిలవదన్నాడు.
ఊడదీసిందీ ఇదే మరి.

ప్రతి ఆదివారం మ్యూజియానికి పోయి
చీకటి పడ్డాక, తిండి మాట మర్చిపోయి వచ్చేవాడు.
చేపలమ్మే ఆడమనిషిని వేశాడు చివరికి.
మొహం రెండు రంగులు, ముక్కు ఎటో పోయింది,
పొలుసులుండాల్సిన చోట కళ్ళు,
చేప పట్టిన అరచేతుల్లో ఒక్కో కన్ను.

ప్రదర్శనలో పెద్దమనుషులు నవ్వారు.
ఇవాళ పొద్దున పుట్టిన పిచ్చి, అన్నాడొకడు.
నిన్నటితో తెగతెంపులు, అని పొగిడాడు ఇంకొకడు.
నేను గ్లాసుల పళ్ళెం పట్టుకుని
మూల నుంచి లెక్కపెట్టాను.
ఇరవై మూడు.

ఆ రాత్రి చెప్పాను, ఆ జిగురు నేనే కాచానని.
సిగ్గుపడ్డాడో ఏమో
కడిగిన బ్రష్షునే మళ్ళీ మళ్ళీ కడిగాడు.
తీసేశాక గోడ మీద ఏం మిగిలింది? అన్నాడు.
మరక, అన్నాను.
పైరంగు పోయింది గాని
సున్నం కడుపులోకి ఇంకింది ఇంకిందే.
మా అమ్మ ఇప్పటికీ దానికే కొవ్వొత్తి పెడుతుంది.

ఆ తర్వాత వేసినదాంట్లో ఏమీ లేదు.
తెల్లటి పూత, లోపలెక్కడో ఎర్రమట్టి నీడ,
రెక్క అనుకుంటే రెక్క.
ఒక్కడూ కొనలేదు.
ఉతికిన చొక్కాల బాకీ కింద నాకిచ్చాడు.

పొయ్యి పైన తగిలించాను.
పాడైపోతుంది తీసెయ్, అంటారు వచ్చినవాళ్ళు.
మా చర్చిలోనూ కొవ్వొత్తుల పొగే కదా, అన్ని వందల ఏళ్ళూ.
పట్టనీ.
ఈ చలికాలం కింది మూలన
రెప్పలాంటిదేదో నల్లగా తేలుతోంది.