గవ్వకి లెక్క తెల్దు

మెళియాపుట్టి దాటి
బాట ఉన్నంతవరకు బండి,
ఆపైన భుజాన ఐసు పెట్టెతో నేను.
జీలుగుగూడలో ఆరోజు ముసురు.

దినేషు పొయ్యి పక్కన ముడుచుకు పడుకున్నాడు.
వయసు తొమ్మిది, తూకం ఆరేళ్ళది,
కళ్ళలో పసుపు.
వాడి నొప్పికి ఆ ఇంట్లో ఒక పేరుంది:
ఎముకల్లో ఎలుక.
తడి గాలి తగిలితే చాలు,
మోకాళ్ళ దగ్గర మొదలెట్టి నడుము దాకా కొరుకుతుంది.
ఎలుక పేరు మీద రెండు కోళ్ళు పోయాయి, ఒక మేక పోయింది.
నింద మాత్రం గయ్యారి దగ్గరే ఉండిపోయింది.
"ఆ గూడ పిల్లని తెచ్చుకున్నాం. ఆ గూడ నెత్తురే అంత,"
అంది అత్త సుక్కాయి, చీపురుపుల్లలు ఏరుతూ.

టెక్కలి నుంచి వచ్చిన కాగితాలు విప్పాను.
అందులో సుక్కాయి కొడుకు పేరూ ఉంది.

చెప్పడం నాకు చేతకాదు.
మందు కలిపిన నెత్తురు వెనక
నల్లగీతలు కనబడితే ఒక మాట, మసకబారితే ఇంకో మాట
రాయడం వరకే నా ఉద్యోగం.
గోడకి ఆనించిన కావిడి చూపించాను.

ప్రతి మనిషీ ఒక కావిడి.
ఒక బుట్ట అమ్మది, ఒకటి అయ్యది.
బిడ్డ పడేటప్పుడు ఇద్దరూ చెరో బుట్ట దించి ఇస్తారు,
ఏదిస్తున్నారో చూసుకోకుండా.
గయ్యారికి ఒక బుట్ట మంచిది, ఒక బుట్ట కొడవళ్ళది.
సోంబరుకీ అంతే.
ఒక్క బుట్టయితే బరువు తెలీదు,
కొండెక్కొచ్చు, పోడు కొట్టొచ్చు.
దినేషుకి రెండువైపులా కొడవళ్ళే వచ్చాయి.

సోంబరు తన చేతులు చూసుకున్నాడు.
జీడిసొన మచ్చల చేతులు.
"నాకేటీ నేదు గదా!"
జబ్బు లేకపోవడమూ, ఇవ్వకపోవడమూ ఒకటి కాదని
ఏ మాటతో చెప్పాలి?
గయ్యారి ఏడవలేదు.
నెమ్మదిగా, ఆ ఇల్లు తనదే అన్నట్టు,
గోడకి వీపు ఆనించి కూర్చుంది.

ఆమెకి అయిదో నెల.
"నలుగురిలో ఒకడికి అంటన్నారు.
ఆ ఒకడూ ఈడే గదా.
మరింక వచ్చినోళ్ళకి బయం నేదా?"
నేల మీద గళ్ళు గీయబోయాను.

సుక్కాయి లేచి చూరులోంచి మూట తీసింది.
రెండు గవ్వలు. ఒకటి కొడుకు, ఒకటి కోడలు.
విసిరింది. రెండూ బోర్లా.
మళ్ళీ విసిరింది. మళ్ళీ రెండూ బోర్లా.
మూడోసారి ఒకటి వెల్లకిలా.
"సూడు. ఇందాకటిది దానికి గేపకముంటాదేటి?
గవ్వకి లెక్క తెల్దు. ఏసినప్పుడల్లా కొత్తగే."
కోడలి మొహం చూడలేదు గానీ
గవ్వలు ఆమె ఒళ్ళోనే వేసింది.

గీసిన గళ్ళు కాలితో చెరిపేశాను.

"మరి మాకెందుకొచ్చినాది?"
చలిజ్వరం గూడలకి గూడలు ఊడ్చిన రోజుల్లో
ఒక్క కొడవలి ఉన్నవాళ్ళు ఎక్కువమంది నిలబడ్డారట.
కాపలాకి వచ్చింది అది.
రెండు కాపలాలు ఒకే ఒంట్లో కలిసినచోట
తిరిగి చేనునే కోసింది.
సుక్కాయికి ఆ జ్వరాలు గుర్తే.
ఏడుగురు అప్పచెల్లెళ్ళలో తనొక్కతే మిగిలింది.
తన మోచెయ్యి లోపలివైపు చాలాసేపు తడుముకుంది.

నీళ్ళు తాగించండి, దాహం కాకముందే.
చలికి వదలొద్దు. మాత్ర మానొద్దు.
జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు.
కడుపులో బిడ్డ సంగతి ఆస్పత్రిలో మాట్లాడదాం.
ఎలుక్కి ఇంక కోడిని ఇవ్వకండి,
ఉంటే ఆ గుడ్డు దినేషుకి పెట్టండి.

గుమ్మంలో ఎనిమిదో తరగతి రోజా ఆపింది.
"నాది ఒక బుట్టా, రెండా?"
ఒకటే.
"అయితే నాను అడగాల."
ఎవర్ని?
"నన్ను అడగడానికొచ్చినోడిని."

దిగుతుంటే ముసురు పలచబడింది.
నా నెత్తురు నేనెప్పుడూ గొట్టంలో పోసి చూసుకోలేదు.
కిందూరి దాన్ని, నాకెందుకుంటుందని.
పెట్టెలో ఒక గొట్టం ఖాళీగా మిగిలింది.
బండి దాకా
అది చప్పుడు చేస్తూనే ఉంది.