పెద్ద నంబరు

పలాస ఆసుపత్రి ల్యాబు, రాత్రి రెండుంపావు.
ట్యూబు మీద నా చేతిరాత:
గేదెల కూర్మయ్య, యాభై రెండు, మొదటి శాంపిల్.
జీడిపిక్కలు ఉడికించే బాయిలర్ దగ్గర
ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట.
ఆటోలో తెచ్చిన కుర్రాళ్ల చొక్కాలకింకా
పొట్టు కాలిన వాసన.

"క్రియాటిన్ ఎంత బాబూ?"
కిటికీ అవతల లోలాక్షి మొదటి ప్రశ్న.
ఉద్దానం మనిషి,
కొబ్బరికాయ ధర తెలిసినట్టు
ఆ అంకె తెలుసు.
"రెండు పాయింట్ ఆరు."
"కిందటి నెలా అంతే" అని ఊపిరి వదిలింది.

ఇది కిడ్నీ కాదమ్మా,
దీనికి వేరే అంకె ఉంది, ట్రోపోనిన్,
గుండె కండ చచ్చేటప్పుడు
నెత్తుట్లోకి జారేది,
అని నేను అనలేదు.
చెప్పడానికి డాక్టరుగారున్నారు, అది రూలు.
సెంట్రిఫ్యూజ్ మూత వేశాను.

మొదట సున్నా పాయింట్ సున్నా తొమ్మిది.
తెల్లారేసరికి నాలుగు.
డ్యూటీ దిగే వేళకి పదకొండు.

వరండాలో డాక్టరుగారు విశాఖతో ఫోనులో:
రంగు ఎక్కిస్తే కిడ్నీలు,
ఎక్కించకపోతే ఇది.

"పెరిగిందా బాబూ?"
"పెరిగిందమ్మా."
రూలు అక్కడే పోయింది.

పద్దెనిమిదేళ్లు గ్రేడింగు బల్ల ముందు కూర్చున్న మనిషి,
జీడి తిన్న వేళ్లు నల్లగా.
"మా కాడ నంబరు పెరిగితే పప్పు సిన్నది.
నూటెనబయ్యి అంటే బొద్దుగుంటాది.
మూడొందలిరవయ్యి సిన్నది,
నాలుగొందలేబై మరీను.
మరి మీ నంబరేటి సెప్తంది,
ఎంత మిగిలిందనా?"

డిప్లొమాలో ఏ మాస్టారూ
ఇంత సూటిగా చెప్పలేదు.

మధ్యాహ్నం అంబులెన్సు విశాఖ వెళ్లింది.
అతని ట్యూబులు మూడూ ఫ్రిజ్‌లో
వారం ఉన్నాయి.
పారేసేటప్పుడు పేరు చదవకుండా పారేశాను.

నాలుగు నెలలకి వచ్చారు, క్రియాటిన్‌కే.
మెట్లు నాలుగే.
రెండో మెట్టు మీద ఆగి
గోడ పట్టుకున్నాడు కూర్మయ్య.
ఆవిడ చెయ్యి ఇవ్వలేదు, చూస్తూ నిలబడింది,
బల్ల మీద పప్పుని చూసినట్టు.

"సగం కూడా కొట్టుకోట్నేదంట, ఇశాకలో సెప్పినారు.
సిన్నదయిపోనాది బాబూ.
గానీ గుండే.
బద్దవనేదు."

అతనేమీ అనలేదు.
చెయ్యి చాపాడు.
రబ్బరు బిగించి, వేలితో తట్టి,
నరం కోసం వెతుకుతున్నాను.