డబ్ల్యూ కొస

జెనిత్సాలో మంచు, ఉక్కు ఫ్యాక్టరీ మసితో కలిసి.
రాగిబ్ మామ పాత గోల్ఫ్ డీజిల్
దగ్గుతూ వణుకుతూ నిలబడింది.
టాకోమీటర్ ముల్లు మాత్రం
సున్నా మీద కునుకు తీస్తోంది.

పెట్రోలు బండైతే నిప్పురవ్వల్ని లెక్కపెట్టుకునేది.
దీనికి రవ్వే లేదు,
ఒత్తిడికే మండే రకం, మామలాగే.
అందుకే ఆల్టర్నేటర్ వెనక
డబ్ల్యూ అని రాసిన కొసనుంచి
ఒక్క సన్నతీగ దీని నాడిని మోసుకొస్తుంది.

ఫ్యూజు చూశాను, బాగానే ఉంది.
డయల్ విప్పి టంకమంతా మళ్లీ కరిగించాను.
బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి, ఎక్కడివో.

"ముప్పయ్యేళ్లు ఆ ముల్లుకేసి చూడలేదు షెఫికా,
చెవితోనే గేరు మార్చాను."
మరి ఇప్పుడెందుకని అడగలేదు నేను.
అడిగినా రెండుసార్లు అడగాలి.

బెల్టు పక్కనుంచి చెయ్యి దూర్చితే
తీగ చివర పచ్చటి చిలుము,
ముట్టుకోగానే రాలింది.
గీకి, కొత్త క్లిప్పు నొక్కి
"తొక్కు!" అని అరిచాను.

వినలేదు.
చేత్తో చూపించాను.

తొమ్మిది వందలు. పదిహేను. రెండువేలు.
మామ రెప్పెయ్యకుండా ముల్లునే చూస్తున్నాడు
ఎవరి పెదాలో చదువుతున్నట్టు.

ఆ స్క్రూలు రెండూ ఇంకా నా జేబులోనే ఉన్నాయి.